ఖరీదైన మిక్సింగ్ ప్లగిన్లు కొనాలా, రీపర్‌తో వచ్చినవి సరిపోతాయా?

గోదారిగట్టు_ఆడియో అడిగిన ప్రశ్న:

నమస్కారం అండీ. ఇంట్లో చిన్న స్టూడియో. రీపర్ (పాటలు రికార్డు చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్) లైసెన్సు, రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, 5 అంగుళాల మానిటర్లు, చెవులు మూసే రకం హెడ్‌ఫోను ఉన్నాయి. గది 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు. చేసేది లలిత గీతాలు, భక్తి పాటలు, అప్పుడప్పుడు షార్ట్ ఫిల్ములకు డైలాగ్ మిక్సింగ్. పాట అంటే ఎక్కువగా ఒక గొంతు, హార్మోనియం, తబలా, వేణువు, కింద కీబోర్డు ప్యాడ్.

ఇప్పటిదాకా రీపర్‌తో వచ్చిన రీఈక్యూ (ఫ్రీక్వెన్సీలను పెంచి తగ్గించే ఈక్యూ), రీకాంప్ (గట్టి చోట్లను తగ్గించే కంప్రెసర్), రీవెర్బేట్ (ప్రతిధ్వని కలిపేది) తప్ప వేరేవి ముట్టుకోలేదు. ఇప్పుడు 40 వేల రూపాయలు పక్కన పెట్టాను. అనుకుంటున్నవి: ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ 4 అనే ఈక్యూ, గుచ్చుకునే శబ్దాలను తగ్గించే సూత్ 2, వీలైతే 1176, ఎల్‌ఏ-2ఏ అనే పాత యంత్రాల మోడల్ కంప్రెసర్లు.

నా ఇబ్బందులు మూడు. పై స్థాయిలో పాడినప్పుడు గొంతు చెవిలో గుచ్చుకుంటోంది. ఈక్యూతో కోస్తే కింది స్థాయిలో గొంతు చప్పబడిపోతోంది. గదిలో నిండుగా వినిపించిన మిక్స్ కారులో పలచగా ఉంటోంది. యూట్యూబులో పక్క పాటల కంటే నా పాట చిన్నగా వినిపిస్తోంది. ఈ మూడూ ప్లగిన్లు మారిస్తే పోతాయా? నిజంగా డబ్బుకు తగ్గ తేడా దేనిలో ఉందో తెలిసినవాళ్లు చెప్పండి.

సిగ్నల్_చెయిన్ జవాబు:

మీ జాబితాను ఒకే ముద్దగా చూడొద్దు. ప్లగిన్లలో రెండు జాతులున్నాయి. మామూలు ఈక్యూ, మామూలు కంప్రెసర్ చేసే లెక్క దశాబ్దాలుగా అందరికీ తెలిసిందే. అక్కడ మీరు డబ్బు పెట్టేది మంచి తెరకు, చేతికి తేలికగా ఉండే పద్ధతికి. పిచ్ దిద్దడం, రొద తీయడం, కదిలే రెసొనెన్సులను (ఉబ్బి మోగే ఫ్రీక్వెన్సీలను) వెంటాడి తగ్గించడం మాత్రం వేరు. అక్కడ లోపలి లెక్కే సరుకు, దాన్ని ఉచితంగా ఇచ్చేవాళ్లు తక్కువ. ప్రో-క్యూ ఎక్కువ భాగం మొదటి జాతి, సూత్ రెండోది.

నా మాట మీద వదిలేయకండి, పావుగంటలో మీరే తేల్చుకోవచ్చు. ప్రో-క్యూకు 30 రోజుల డెమో ఉంది.

గొంతు ట్రాకును డూప్లికేట్ చేయండి. ఒకదాని మీద రీఈక్యూ, రెండోదాని మీద ప్రో-క్యూ. రెండింటిలోనూ 400 హెర్ట్జ్ దగ్గర బెల్ (గంట ఆకారపు వంపు), 4 డీబీ కోత. ప్రో-క్యూను జీరో లేటెన్సీ మోడ్‌లోనే ఉంచండి. లీనియర్ ఫేజ్‌లో పెడితే ఫేజ్ మారిపోయి పరీక్ష చెడుతుంది. ఇప్పుడు రెండో ట్రాకులో ఫేజ్ బటన్ నొక్కి పొలారిటీ తిప్పండి. రెండూ కలిసినప్పుడు ఒకేలా ఉన్నదంతా కొట్టుకుపోయి, తేడా మాత్రమే మాస్టర్‌లో మిగులుతుంది.

ఇక్కడ చాలామంది ఒకచోట తప్పటడుగు వేస్తారు. వెడల్పు అంకె రెండింటిలో ఒకటే పెట్టి, శబ్దం మిగిలింది కాబట్టి ప్లగిన్లు వేరని తేల్చేస్తారు. రీఈక్యూ వెడల్పును ఆక్టేవుల్లో చూపిస్తుంది, ప్రో-క్యూ క్యూ విలువగా చూపిస్తుంది. పైగా క్యూను ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా లెక్కపెడుతుంది. కాబట్టి అంకెలు వదిలేసి, రీఈక్యూ వెడల్పును కొద్దికొద్దిగా కదుపుతూ మాస్టర్ మీటరు ఎక్కడ అట్టడుగుకు పోతుందో అక్కడ ఆపండి. మైనస్ 70 డీబీ కంటే కిందికి పోయిందంటే పాటలో ఆ తేడాను ఏ చెవీ పట్టలేదు.

కంప్రెసర్లు ఇలా కొట్టుకుపోవు, ఎందుకంటే పట్టే వేగం (ఎటాక్), వదిలే తీరు (రిలీజ్) ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటాయి. అయినా 1176 స్వభావం ఏమిటో తెలిస్తే చాలావరకు రీకాంప్‌తోనే రాబట్టొచ్చు. అసలు 1176 యంత్రం ఎటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్లు, రిలీజ్ 50 మిల్లీసెకన్ల నుంచి 1.1 సెకన్ల దాకా. అంటే దాని అతి నిదానమైన ఎటాక్ కూడా ఒక మిల్లీసెకను లోపలే. ఇంకో మెలిక, దాని గుండీలు తలకిందులు: 7 అంటే అన్నిటికంటే వేగం, 1 అంటే నిదానం. మోడల్ ప్లగిన్లు కూడా ఆ పద్ధతినే ఉంచాయి. 7 అంటే నిదానం అనుకుని తిప్పేవాళ్ల తబలాలో ధా, నా దెబ్బల మొన అరిగిపోతుంది, తప్పేమో ప్లగిన్ మీదికి పోతుంది.

రీకాంప్‌లో ఎటాక్ 0.5 మిల్లీసెకన్లు, రిలీజ్ 80, రేషియో 4:1 పెట్టండి. ఆర్ఎంఎస్ సైజ్ సున్నాకు దించండి, లేకపోతే అది సగటు చూసుకుంటూ కూర్చుంటుంది, ఎటాక్ అంకెకు అర్థం ఉండదు. గట్టి అక్షరాల మీద 3 నుంచి 5 డీబీ తగ్గేలా త్రెషోల్డ్ (కంప్రెసర్ పని మొదలుపెట్టే లెవెల్) దించండి. ఆటో మేకప్ (తగ్గినదాన్ని దానంతటదే తిరిగి పెంచేది) ఆపేసి ఉంచండి.

ఎల్‌ఏ-2ఏ తీరు వేరు. అది వెలుతురుతో నడిచే కంప్రెసర్. తగ్గించినదాంట్లో సగం సుమారు 60 మిల్లీసెకన్లలో వదిలేసి, మిగతాది అర సెకను నుంచి 5 సెకన్ల దాకా నెమ్మదిగా వదులుతుంది. ఒక్క రీకాంప్‌తో ఇది రాదు. రెండు వరుసగా పెట్టండి: మొదటిది ఎటాక్ 10, రిలీజ్ 60, 2 డీబీ తగ్గింపు, రెండోది ఎటాక్ 30, రిలీజ్ 1500, ఇంకో 2 డీబీ. లలిత గీతం గొంతు మీద ఈ జంట బాగా పనిచేస్తుంది. అచ్చం అదే అవుతుందని అనను. మోడల్‌లో కొద్దిగా హార్మోనిక్స్ (మూల ఫ్రీక్వెన్సీకి రెట్లలో పుట్టే స్వరాలు) కూడా కలుస్తాయి. ఆ రంగు కావాలంటే క్లాంగ్‌హెల్మ్ ఐవీజీఐ ఉచితం, సాఫ్ట్‌ట్యూబ్ శాచురేషన్ నాబ్ ఉచితం. ఒకటి పెట్టుకుని డ్రైవ్ తక్కువలో ఉంచండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, పోల్చేటప్పుడు లెవెల్ సమానం చేయడం. ఒక డీబీ గట్టిగా ఉన్నది మన చెవికి ఎప్పుడూ మెరుగ్గానే తోస్తుంది. కొన్ని మోడల్ ప్లగిన్లు పెట్టగానే, గుండీ తిప్పకుండానే ఒకటి రెండు డీబీ పెంచుతాయి. యూలీన్ లౌడ్‌నెస్ మీటరు ఉచితమే. అదే 20 సెకన్ల ముక్కను రెండింటితోనూ కొలిచి, తేడా 0.2 డీబీ లోపలికి తెచ్చాకే వినండి. ఇంకా పట్టుదల ఉంటే రెండు ఫైళ్లూ రెండర్ చేసి ఫూబార్ 2000లో ఏబీఎక్స్ కంపారేటర్ వేసుకోండి. పేర్లు దాచి 16 సార్లు అడుగుతుంది. 12 సార్లు, అంతకంటే ఎక్కువ సరిగ్గా చెప్పగలిగితేనే తేడా విన్నట్టు. 9, 10 దగ్గర ఆగితే బొమ్మా బొరుసూ వేసినట్టే.

పల్లవి_అనుపల్లవి జవాబు:

పైవారు చెప్పిన ఈక్యూ, కంప్రెసర్ సంగతి నూరు పాళ్లు నిజం. నేను గొంతు గుచ్చుకునే ఇబ్బంది గురించి రాస్తాను.

మామూలు ఈక్యూతో 3 కిలోహెర్ట్జ్ కోస్తే ఆ కోత పాట పొడుగునా ఉంటుంది, అందుకే కింది స్థాయిలో చప్పబడుతోంది. కావలసింది గొంతు లేచినప్పుడే కోసే డైనమిక్ ఈక్యూ. టీడీఆర్ నోవా ఉచితంగానే ఈ పని చేస్తుంది. నాలుగు బ్యాండ్లు, ఒక్కోదానికీ విడిగా త్రెషోల్డ్ ఉంటాయి.

ఒక బ్యాండును 3.2 కిలోహెర్ట్జ్ దగ్గర, క్యూ 2 పెట్టండి. గెయిన్ సున్నాలోనే ఉంచి త్రెషోల్డ్ ఆన్ చేయండి. పాటలో అన్నిటికంటే పై స్వరం ఉన్న ముక్కను లూప్ చేసి, ఆ స్వరం మీద 3, 4 డీబీ మాత్రమే తగ్గేదాకా త్రెషోల్డ్ దించండి. ఎటాక్ 5 మిల్లీసెకన్లు, రిలీజ్ 70. తర్వాత పల్లవి మొదటి లైను వేయండి. అక్కడ నోవా తెర మీది గీత కదలకూడదు. కదిలితే త్రెషోల్డ్ ఎక్కువ దిగినట్టు.

తెలుగు గొంతుకు డీ-ఎస్సర్ (స, శ ఈలలను తగ్గించే ప్లగిన్) ప్రీసెట్లు సరిగ్గా అతకవు. స శబ్దం బలం 6 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటే, శ, ష బలం దాని కింద, దాదాపు 3 నుంచి 5 మధ్య ఉంటుంది. 7 దగ్గర పెట్టిన ప్రీసెట్ ‘సరస’ను పట్టి ‘శివ’ను వదిలేస్తుంది. చ లోనూ రెండు పలుకులున్నాయి. ‘చినుకు’లో చ మెత్తగా, అంగిలి దగ్గర పలుకుతుంది, ‘చలి’, ‘చుక్క’లో పళ్ల దగ్గర పలికి స లాగే ఈలవేస్తుంది. జ కూడా అంతే, ‘జాబిలి’ని ‘జీవం’ పక్కన పెట్టి వినండి. అందుకని నోవాలో రెండు బ్యాండ్లు విడిగా పెట్టండి, 4 దగ్గర ఒకటి, 7.5 దగ్గర ఒకటి. ఒక్కోదాని త్రెషోల్డును ఆ అక్షరాల మీదే సర్దండి. మరీ బాధపెట్టే అక్షరాలు పాట మొత్తంలో పదో పదిహేనో ఉంటాయి. వాటిని ఐటమ్‌గా కోసి చేత్తో 4 డీబీ దించడం ఏ డీ-ఎస్సర్ కంటే శుభ్రమైన పని.

మరి సూత్ ఎందుకు? నోవా బ్యాండు మీరు పెట్టినచోటే ఉంటుంది. పాడే స్వరం మారితే గుచ్చుకునే చోటు కూడా మారుతుంది. సన్నాయి, నాదస్వరం, హార్మోనియం ఎక్కువగా ఉన్న పాటల్లో ఇది బాగా తెలుస్తుంది. సూత్ ఆ చోటును అప్పటికప్పుడు వెతికి సన్నగా కోస్తుంది. ఉచిత సరుకులో దీనికి సాటి వచ్చేది లేదనే నా అభిప్రాయం. మీ జాబితాలో ధ్వని పరంగా డబ్బుకు న్యాయం చేసేది ఇదొక్కటే. అయితే నోవాతో మీ ఇబ్బంది తీరితే ఇక అవసరం లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

సూత్ డెమో వాడేటప్పుడు డెల్టా బటన్ నొక్కి, అది తీసేస్తున్నదాన్ని మాత్రమే వినండి. అందులో సన్నటి ఈల, గరుకు వినిపించాలి. సాహిత్యం స్పష్టంగా అర్థమవుతోందంటే గొంతునే కోసేస్తోంది. డెప్త్ తగ్గించండి.

ఒక విషయం మీరు అడగలేదు గానీ, భక్తి పాటలన్నారు కాబట్టి తప్పక వస్తుంది: పిచ్ దిద్దడం. ఆటో-ట్యూన్ రకం ప్లగిన్‌ను క్రోమాటిక్ స్కేలులో, వేగంగా పెడితే గమకం చచ్చిపోతుంది. తోడిలో గాంధారం ఒకచోట నిలవదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ప్లగిన్ మెట్లుగా విరగ్గొడుతుంది. పాడినవాళ్లకు ప్రాణం పోయినట్టు ఉంటుంది, వాళ్ల కోపంలో న్యాయముంది. ఇక్కడ మెలోడైన్ అనే పిచ్ దిద్దే సాఫ్ట్‌వేర్‌కు పెట్టే డబ్బు వృథా కాదు. స్వరం మధ్య స్థానాన్ని, నెమ్మదిగా జారే డ్రిఫ్టును మాత్రమే దిద్ది, మాడ్యులేషన్‌ను (స్వరం ఊపును) నూటికి నూరు అలాగే వదిలేయొచ్చు. ఈ మూడింటినీ విడగొట్టే పరికరాలు ఎసెన్షియల్ ఎడిషన్‌లో లేవు, అసిస్టెంట్ నుంచి ఉంటాయి. ఇంటర్‌ఫేస్‌తో ఉచితంగా వచ్చే ఎసెన్షియల్ చూసి మెలోడైన్ ఇంతేననుకోవద్దు.

దిద్దే ముందు హార్మోనియం శ్రుతి కొలవండి. అది 440 హెర్ట్జ్‌కి కాకుండా 10 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) పైన ఉందనుకోండి, ప్లగిన్ గొంతును 440కి లాగి హార్మోనియంతో శ్రుతి చెడగొడుతుంది. ముందు రెఫరెన్స్ అంకె మార్చాలి, ఆ తర్వాతే గొంతు.

డెడ్‌లైన్_డెస్క్ జవాబు:

మొదటి జవాబుతో ఒక చోట విభేదిస్తాను. తెర, సౌకర్యం అన్నది చిన్న విషయంగా చెప్పారు. రోజుకు ఒక పాట చేసేవారికి చిన్నదే. 60 ట్రాకుల ప్రాజెక్టు రెండు రోజుల్లో ఇవ్వాల్సినవారికి అదే పెద్దది. ప్రో-క్యూలో ఒక బ్యాండును ఒక్క క్లిక్కుతో డైనమిక్ చేయొచ్చు, మిడ్-సైడ్‌కు (మధ్య, పక్కల ధ్వనిని విడగొట్టే పద్ధతికి) మార్చొచ్చు, ఇంకో ట్రాకు స్పెక్ట్రమ్ (ఫ్రీక్వెన్సీల పటం) అదే తెర మీద చూస్తూ ఎక్కడ ఢీకొంటున్నాయో తేల్చుకోవచ్చు. అదే పని రీఈక్యూ, నోవా, వాక్సెంగో స్పాన్ (స్పెక్ట్రమ్ చూపేది) అని మూడు కిటికీల్లో చేస్తే ట్రాకుకు రెండు నిమిషాలు ఎక్కువ. 60 ట్రాకులకు రెండు గంటలు. గంటకు ఇంత అని తీసుకునేవారు ఆ లెక్క వేసుకోవాలి. మీరు చెప్పిన గొంతు, హార్మోనియం, తబలా పాటలకు ఆ లెక్క కుదరదని నేనూ ఒప్పుకుంటాను.

షార్ట్ ఫిల్ముల మాట వేరు. డైలాగులో ఫ్యాన్ రొద ఉంటే ముందు రీపర్‌తోనే వచ్చే రీఫిర్ ప్రయత్నించండి. సబ్‌ట్రాక్ట్ మోడ్‌లో పెట్టి, ఎవరూ మాట్లాడని ఒక సెకను ముక్కను ఎంచుకుని, నాయిస్ ప్రొఫైల్ ఆటోమేటిగ్గా తయారుచేసే గడిలో టిక్కు పెట్టి ఆ ముక్క మాత్రమే ప్లే చేయండి. వెంటనే టిక్కు తీసేయండి. తీయడం మర్చిపోతే తర్వాత వచ్చే మాటలను కూడా రొదగా నేర్చుకుని గొంతును తినేస్తుంది. ‘రీఫిర్ పనిచేయదు, నీళ్లలోంచి మాట్లాడినట్టుంది’ అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఆ టిక్కే.

రీఫిర్ నిలకడగా ఉండే రొదకు మాత్రమే. ఆటో హారన్, మైకుకు తగిలిన చీర కొంగు, పక్కింటి కుక్కర్ విజిల్ లాంటివి దానితో పోవు. ఐజోటోప్ ఆర్‌ఎక్స్ అనే రొదలు తీసే సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రల్ రిపేర్‌తో హారన్ గీతలను చిత్రంలో గుర్తించి తుడిచేయొచ్చు. అది స్టాండర్డ్ ఎడిషన్‌లో ఉంటుంది, ఎలిమెంట్స్‌లో కాదు. నోటి చప్పుళ్లు తీసే మౌత్ డీ-క్లిక్ కూడా అంతే. డైలాగు పని నెలకు రెండు మూడు వస్తుంటే నా 40 వేలు దీనికే పెడతాను, ఈక్యూకు కాదు.

యూట్యూబులో చిన్నగా ఉండటానికి కారణం ముందు కొలవండి. కంప్యూటర్లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి. అందులో కంటెంట్ లౌడ్‌నెస్ అని ఒక అంకె ఉంటుంది. మైనస్ 6 డీబీ అని ఉంటే మీ పాట యూట్యూబు ప్రమాణం కంటే 6 డీబీ కింద ఉంది. యూట్యూబు గట్టి పాటలను దించుతుంది గానీ చిన్న పాటలను పైకి లేపదు. మాస్టర్ చివర లౌడ్‌మ్యాక్స్ ఉచిత లిమిటర్ (శిఖరాలను హద్దు దాటనివ్వనిది) పెట్టి, సీలింగ్ మైనస్ 1, ట్రూ పీక్ కోసం ఐఎస్‌పీ గడి ఆన్ చేసి, మొత్తం పాట మైనస్ 14 నుంచి మైనస్ 12 లఫ్స్ (సగటు లౌడ్‌నెస్ కొలత) మధ్య వచ్చేదాకా త్రెషోల్డ్ దించండి. లిమిటర్ 3, 4 డీబీ కంటే ఎక్కువ తగ్గిస్తోందంటే జబ్బు దానిలో లేదు. తబలా దెబ్బల మొనలో, కంప్రెస్ కాని గొంతులో ఉంది. వెనక్కి వెళ్లి అక్కడ సరిచేయాలి. ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-ఎల్ 2 చక్కటి లిమిటరే, కానీ దాని గొప్ప 8, 9 డీబీ నొక్కేచోట తెలుస్తుంది. మీ పాటలకు అంత నొక్కు అక్కర్లేదు.

గోదారిగట్టు_ఆడియో:

అందరికీ ధన్యవాదాలు. పొలారిటీ తిప్పి చూసే పరీక్ష (నల్ టెస్ట్) చేశాను. 400 హెర్ట్జ్ దగ్గర వెడల్పు సర్దాక మైనస్ 80 కిందికి పోయింది. కానీ 14 కిలోహెర్ట్జ్ దగ్గర వెడల్పాటి బెల్‌తో 5 డీబీ పెంచి చూస్తే ఎంత సర్దినా మైనస్ 35 దాటి దిగడం లేదు. ప్రాజెక్టు 44.1 కిలోహెర్ట్జ్ శాంపుల్ రేటులో ఉంది. ఇది నా పొరపాటా, ప్రో-క్యూ గొప్పా?

స్టాట్స్ ఫర్ నెర్డ్స్‌లో మైనస్ 7.4 ఉంది.

సిగ్నల్_చెయిన్:

పొరపాటు కాదు, అసలైన తేడానే పట్టుకున్నారు. 44.1 కిలోహెర్ట్జ్ ప్రాజెక్టులో ధ్వనికి పైకప్పు 22.05. మామూలు డిజిటల్ బెల్ ఆ కప్పు దగ్గరికి వచ్చేసరికి తప్పనిసరిగా సున్నాకు దిగిపోవాలి. 400 దగ్గర కప్పు చాలా దూరం కాబట్టి ఆకారం చెడదు. 14 వేల దగ్గర కుడి భుజం నలిగి, గంట ఒక పక్కకు ఒరిగిన ఆకారం వస్తుంది. ప్రో-క్యూ దీన్ని సరిచేసి అనలాగ్ ఆకారాన్ని నిలబెడుతుంది.

రీపర్ 7లో ఎఫ్‌ఎక్స్ జాబితాలో రీఈక్యూ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆ ఒక్క ప్లగిన్‌కే ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఎక్కువ శాంపుల్ రేటులో నడపడం) పెట్టొచ్చు. 88.2కి లేపితే కప్పు 44.1కి పోతుంది, నలుగుడు వినికిడి హద్దు దాటిపోతుంది. లేదా ప్రాజెక్టునే 96లో మొదలుపెట్టండి.

కప్పు కథ శాచురేషన్ (కొద్దిగా వక్రీకరించి రంగు కలిపే) ప్లగిన్లలో ఇంకా ముఖ్యం. 5 కిలోహెర్ట్జ్ సైన్ తరంగం వేసి స్పాన్‌లో చూడండి. వక్రీకరణ వల్ల 15, 25, 35 దగ్గర హార్మోనిక్స్ పుడతాయి. 22.05 దాటినవి మాయమవవు, అద్దానికి తగిలినట్టు వెనక్కి వస్తాయి. 25 వచ్చి 19.1 దగ్గర, 35 వచ్చి 9.1 దగ్గర పడుతుంది. 9.1 అన్నది పాట శ్రుతికి ఏ సంబంధం లేని స్వరం. మెరుగైన ప్లగిన్లు లోపల ఓవర్‌శాంప్లింగ్ చేసి దీన్ని ఆపుతాయి. ఖరీదైనవన్నీ చేయవు, ఉచితమైనవన్నీ మానవు. కొనే ముందు డెమోలో ఈ సైన్ పరీక్ష చేస్తే ఒక్క చూపులో తెలిసిపోతుంది.

అనలాగ్ మోడల్ ప్లగిన్లు ఏవి వాడినా లోపలికి పంపే లెవెల్ చూసుకోండి. చాలావాటిలో డిజిటల్ మీటరులో సగటు మైనస్ 18 డీబీఎఫ్‌ఎస్ అంటే పాత యంత్రాల మీటరులో మామూలు లెవెల్ అయిన సున్నా వీయూ. పీక్ సున్నాకు ఆనేలా రికార్డు చేసిన గొంతును నేరుగా పంపితే మొదటి క్షణం నుంచే నలిగిపోతుంది. అనలాగ్ రొద కలిపే స్విచ్ ఉంటే ఆపేయండి. ఒక్కో ట్రాకులో వినపడని ఆ గుసగుస 30 ట్రాకులు కలిసేసరికి దాదాపు 15 డీబీ పైకి లేస్తుంది.

నాలుగుగోడలు జవాబు:

కారులో పలచగా వినిపించడం ఒక్కటి మిగిలింది. దానికి ప్లగిన్ మందు కాదు, గదే కారణం. మీ కొలతలు చూస్తే 12 అడుగుల పొడవుకు 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పుకు 56 దగ్గర ప్రతిధ్వని నిలబడుతుంది. మీ ఎత్తు కూడా 10 కావడం దురదృష్టం. రెండూ ఒకే 56 మీద పేరుకుంటాయి. వాటి రెట్టింపులు 94, 112. గోడకు దగ్గరగా కూర్చుంటే ఈ బేస్ అంతా ఉబ్బి వినిపిస్తుంది, చేయి దానంతటదే తబలా డగ్గాను, ప్యాడ్‌ను దించేస్తుంది. కారులో ఆ ఉబ్బు లేదు, పలచన బయటపడుతుంది.

బల్లను 10 అడుగుల గోడ వైపు, ఎడమ కుడి సమానంగా ఉండేలా తిప్పండి. ఎదుటి గోడ నుంచి మీ చెవులు సుమారు నాలుగున్నర అడుగుల దూరంలో ఉండాలి. గది సరిగ్గా మధ్యలో కూర్చోవద్దు, అక్కడ 47 పూర్తిగా మాయమవుతుంది. తర్వాత రాక్‌వూల్. ఘనపు మీటరుకు 48 నుంచి 64 కిలోల సాంద్రత ఉన్న 50 మిల్లీమీటర్ల స్లాబులు రెండేసి కలిపి 4 అంగుళాల మందం, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు చెక్క ఫ్రేములో బిగించండి. గోడకు ఆనించకుండా ఇంకో 4 అంగుళాల ఖాళీ వదలండి. నాలుగు మూలలకు నాలుగు, పక్క గోడలకు చెరొకటి. పక్క గోడ మీద చోటు తేల్చడానికి మీరు కుర్చీలో ఉండగా ఇంకొకరు గోడ వెంబడి అద్దం జరపాలి. అద్దంలో స్పీకరు కనిపించిన చోటే ప్యానెల్. రాక్‌వూల్ పెట్టేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి.

గుడ్ల అట్టలు, అంగుళం ఫోము జోలికి పోవద్దు. అవి పై ఫ్రీక్వెన్సీలను మింగేసి బేస్‌ను అలాగే వదులుతాయి, గది ఇంకా బొంగురవుతుంది. నిజం చెప్పాలంటే 4 అంగుళాల ప్యానెల్ కూడా 47, 56లను పెద్దగా కదపదు. 100 పైన గట్టిగా పనిచేస్తుంది. ఆ కింద బేస్ నిర్ణయాలు హెడ్‌ఫోనులో, స్పాన్‌లో సరిచూసుకోవాలి. గదిని కొలవడానికి రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితం, కొలిచే మైకు ఒకటి కావాలి.

కొనేటప్పుడు డబ్బు సంగతి కూడా. డాలర్ ధరకు 18 శాతం జీఎస్టీ కొన్ని సైట్లలో చివరి పేజీలోనే కలుస్తుంది. కార్డు మీద విదేశీ మారకం రుసుము ఇంకో రెండు మూడు శాతం. నవంబరు చివరి వారంలో తగ్గింపులు వస్తాయి, అప్పటిదాకా ఆగగలిగితే మంచిది. లైసెన్సు షరతులు కూడా చదవండి. 2023 మార్చి చివర్లో వేవ్స్ అనే ప్లగిన్ కంపెనీ శాశ్వత లైసెన్సులు ఆపి చందా మాత్రమేనంది, వాడేవాళ్లు గట్టిగా ఎదురుతిరగడంతో కొద్ది రోజులకే వెనక్కి తగ్గింది. కాబట్టి ఏ కంపెనీ ప్లగిన్ వాడినా పాట పూర్తయ్యాక ప్రతి ట్రాకునూ ఎఫెక్టులతో ఒకసారి, లేకుండా ఒకసారి 24 బిట్ వేవ్ ఫైళ్లుగా రెండర్ చేసి దాచుకోండి. అయిదేళ్ల తర్వాత అదే పాటను ఇంకో గొంతుతో అడిగినప్పుడు ప్లగిన్ తెరుచుకుంటుందో లేదో మన చేతిలో ఉండదు.

గోదారిగట్టు_ఆడియో:

బల్ల ఇప్పుడు పొడవు గోడకు ఉంది, వెనక గోడ తలకు ఒక అడుగు దూరం! రేపే తిప్పుతాను. నోవాతో గొంతు చాలావరకు దారికొచ్చింది, సన్నాయి ఉన్న ఒక పాటలో మాత్రం ఇంకా గుచ్చుకుంటోంది. సూత్ డెమో ఇప్పుడే మొదలుపెట్టనా?

పల్లవి_అనుపల్లవి:

ఇప్పుడే వద్దు. డెమో రోజులు మొదలుపెట్టిన క్షణం నుంచి లెక్కలోకి వస్తాయి, మధ్యలో ఆపినా ఆగవు. ముందు ప్యానెళ్లు పెట్టండి. పక్క గోడల నుంచి వచ్చే ప్రతిధ్వని వల్ల కూడా 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల గరుకు వినిపిస్తుంది, అది పోతే సన్నాయి సగం నెమ్మదించవచ్చు. ఆ పాటను హెడ్‌ఫోనులో కూడా విని చూడండి. అక్కడా గుచ్చుకుంటేనే తప్పు రికార్డింగులో ఉన్నట్టు. అప్పుడు సన్నాయి ట్రాకులు మూడు నాలుగు పోగుచేసి పెట్టుకుని, తీరిక ఉన్న వారం చూసి డెమో తెరవండి. మైకును సన్నాయి గంటకు ఎదురుగా కాకుండా రెండడుగుల దూరంలో, కొద్దిగా పక్కకు తిప్పి, వేళ్ల వైపు చూసేలా పెట్టి ఇంకోసారి రికార్డు చేసే వీలుంటే అది ముందు చేయండి.